దుప్పటి మీద ఇంటి అడ్రసు

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ ఒకటుంది. 2014 ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, ఆ లాండ్రీలో పనిచేసే హబీబున్నిసా ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఒక అక్షరం రాసింది. రాయాలనుకుని రాసింది కాదు. మాసూమాకు కోపం వచ్చింది కాబట్టి రాసింది.

మాసూమా అఫ్గానిస్తాన్ మనిషి. గజనీ దగ్గర ఒక కొండ ఊరు వాళ్లది. అక్కడి నుంచి పారిపోయి, పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఎనిమిదేళ్లు తలదాచుకుని, చివరికి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని న్యూజిలాండ్ చేరింది. క్వెట్టాలో ఉన్నన్నాళ్లలో ఉర్దూ నేర్చుకుంది. ఇస్త్రీ యంత్రం దగ్గర ఆమె ఒక చివర, హబీబా ఇంకో చివర నిలబడి, దుప్పటి కొసలు పట్టుకుని, రోజంతా ఉర్దూలో కబుర్లు చెప్పుకునేవారు.

ఆ రోజు మాసూమా ఒక ఫారం తెచ్చుకుంది. చెల్లెల్ని ఇక్కడికి రప్పించుకోవడానికి పెట్టే దరఖాస్తు. అందులో ఒక గడి, సొంత దేశంలో ఆఖరిగా ఉన్న చిరునామా రాయమని. ఇంటి నంబరు, వీధి పేరు, పిన్ కోడ్.

"నంబరా? మా ఇంటికి నంబరెక్కడిది?" అంది మాసూమా, రొట్టె ముక్క పక్కన పెట్టేసి. "మల్బరీ చెట్టు దాటాక, పిండిమర వెనక, మూడో గుమ్మం. నీలం తలుపు. వాన పడితే ముందు మా వాకిట్లోకే నీళ్లు వచ్చేవి. ఇదంతా ఎక్కడ రాయను? ఈ గడిలో మా తలుపు గొళ్లెం కూడా పట్టదు."

హబీబాకు ఏం తోచిందో, చిరిగిన దుప్పట్లు పడేసే బుట్టలోంచి ఒకటి లాగి బల్ల మీద పరిచింది. మూటల మీద వార్డు నంబర్లు వేసే వెడల్పు మూతి మార్కర్ తీసుకుంది.

"చెప్పు. మీ దరీలోనే చెప్పు. మెల్లగా."

హబీబాకు దరీ భాష రాదు. కానీ ఉర్దూ రాసే లిపిలోనే దాన్నీ రాస్తారు. మాసూమా ఒక్కో మాట చెబుతుంటే కుడి నుంచి ఎడమకు చెయ్యి దానంతటదే సాగింది. మల్బరీ చెట్టు. పిండిమర. మూడో గుమ్మం. చుక్కలన్నీ చివర్లో పెట్టింది, వాళ్ల నాన్న పెట్టినట్టే. తల ఎత్తి చూస్తే బల్ల చుట్టూ తొమ్మిదిమంది ఉన్నారు. ఎవరూ తినడం లేదు.

మాసూమా పైకి చదువుకుంది. రెండోసారి చదువుకుంది. దుప్పటి తీసి భుజాల చుట్టూ కప్పుకుని, "వెచ్చగా ఉంది" అని నవ్వింది. ఆమె అలా నోరారా నవ్వడం హబీబా అంతకుముందు చూడలేదు.

పక్కనున్న హోదన్, సోమాలియా అమ్మాయి, హబీబా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో అడిగింది: "నాది ఎప్పుడు రాస్తావు?"

ఆ సాయంత్రం హబీబా బస్సులో ఇంటికి వెళ్తూ రెండు స్టాపులు దాటి దిగింది. వెనక్కి నడిచి వచ్చింది. నడుస్తూ గాలిలో వేలితో అక్షరాలు రాసుకుంది.

ఆమె పుట్టి పెరిగింది జనగామలో. తండ్రి మొహియుద్దీన్ బోర్డులు రాసే పెయింటర్. బస్టాండు ఎదురు సందులో 'మొహి ఆర్ట్స్' అని చిన్న గది, దాని వెనకే ఇల్లు. కిరాణా దుకాణాలు, టైలర్లు, సైకిల్ షాపులు, డాక్టర్లు, లారీల వెనక పేర్లు, అన్నీ ఆయన కుంచెవే. మసీదు మీద ఉర్దూ రాసిన చేత్తోనే బట్టల కొట్టు మీద తెలుగు రాసేవాడు. ఉర్దూకు వెదురు పుల్ల ఏటవాలుగా చెక్కి కలం చేసుకునేవాడు. అదే కలంతో తెలుగు రాస్తే ఎలా ఉంటుందా అని సరదాకి ప్రయత్నించి, తలకట్టు దగ్గర కలం తిప్పే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. ఆ తిప్పుకు అక్షరం తల మీద పిట్ట ముక్కులాంటి కొస వచ్చేది.

ఆడపిల్ల నిచ్చెనెక్కి బజార్లో బోర్డు రాయడం ఆయనకు ఇష్టం లేదు. ఇంట్లో మాత్రం అన్నీ నేర్పాడు. రేకులు ముందు గదిలో నేల మీద పరిచి, ఆయన గీతలు గీస్తే హబీబా రంగు నింపేది. పదిహేనో ఏటికి గీతలూ ఆమే గీసింది. జనగామలో సగం బోర్డులు ఆమె రాసినవే అయినా, ఆ సంగతి ఇల్లు దాటలేదు. ఇరవయ్యో ఏట ఇలియాస్‌తో పెళ్లయింది. కలం అక్కడే ఆగింది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి మొహియుద్దీన్ పని కూడా ఆగింది. 2006లో ఇలియాస్‌కు ఇక్కడి రైళ్ల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం వచ్చి, నాలుగేళ్ల కూతురు ఐమన్‌ను ఎత్తుకుని న్యూజిలాండ్ వచ్చారు. 2009లో తండ్రి పోయాడు. టికెట్ దొరికి ఆమె జనగామ చేరేసరికి ఐదో రోజు. ఆ మరుసటి ఏడు రోడ్డు వెడల్పులో గదీ ఇల్లూ రెండూ పోయాయి.

ఇన్నాళ్లూ ఈ సంగతులు ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేది. ఆ బుధవారం మాత్రం ఇంటికి రాగానే ఇలియాస్‌ను గ్యారేజీలోకి లాక్కెళ్లింది.

"నాకు జానెడు వెడల్పు చెక్కపట్టీ కావాలె. ఏటవాలుగ కోసియ్యి."

వాళ్లింట్లో మామూలు మాటలకు ఉర్దూ. తొందరకూ కోపానికీ తెలుగు. ఇలియాస్ ఆమె ముఖం చూసి, ఎందుకని అడగకుండా రంపం తీశాడు. హబీబా ఆ చెక్క కొసకు పాత కంబళి ముక్క చుట్టి, బట్టలకు వేసే నల్లరంగు చిక్కగా కలిపి, వంటింటి నేల మీద ఇంకో దుప్పటి పరిచి మాసూమా ఇంటిని మళ్లీ రాసింది. ఈసారి ఒక్కో అక్షరం మోచెయ్యంత. పన్నెండేళ్ల ఐమన్ ఫ్రిజ్ దాకా వెళ్లే దారి లేక గుమ్మంలో నిలబడి, "మమ్, ఇది నువ్వు రాశావా?" అని ఇంగ్లీషులో అడిగింది. తర్వాత, "నీకు ఇది వచ్చా?" అంది. రెండో ప్రశ్నకు హబీబా చాలాసేపు నవ్వుతూనే ఉంది.

వీధి చివర కిషన్‌రావు, ఇందిరాదేవి అనే వరంగల్ దంపతుల డైరీ ఉంది. పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే కొట్టును ఇక్కడ డైరీ అంటారు. మర్నాడు పాల కోసం వెళితే ఇందిరాదేవి ఆమె వేళ్ల వైపు చూసింది.

"ఏంది బిడ్డా, చేతులకు గా నలుపేంది?"

చెప్పింది. చెబుతుంటే మాటలు ఆగలేదు. వెనక నిలబడ్డ ఇద్దరు బేరగాళ్లు ఓపిగ్గా వేచి చూశారు. అంతా విని ఇందిరాదేవి కౌంటర్ కింద నుంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టింది.

"వరంగల్‌ల మాకు స్టూడియో ఉండె, ఎరికేనా? తురకోళ్ల పెండ్లిళ్లు అయితే ఆడోళ్ల దిక్కు మగ ఫొటోగ్రాఫర్‌ను రానియ్యకపోదురు. గందుకే ఆయన నాకు కెమెరా నేర్పిండు. పద్దెనిమిదేండ్లు నేను పెండ్లికూతుర్లనే తీసిన. గిక్కడికొచ్చినంక తియ్యనీకి పక్షులే దొరికినయ్."

"నాకు నేర్పుతవా ఆంటీ?"

"నేర్పుత. ఫస్ట్ క్లాస్ ఇప్పుడే. మొఖం జూడకు, ముందు ఎలుగు జూడు. ఎలుగు ఎటు నుంచి వస్తుందో జూసి మనిషిని నిలబెట్టు. ఇంకోటి. మొఖం తియ్యాల్నా వద్దా, తలమీద కొంగు ఉండాల్నా వద్దా, గది ఆమెను అడుగు. నువ్వు జెప్పకు."

హబీబా తన మొదటి ఫొటో పెటోని బీచ్‌లో తీసింది. ఆదివారం ఉదయం, సముద్రం మీద ఎండ, దక్షిణం నుంచి చలిగాలి. ఇద్దరు పట్టుకుంటే దుప్పటి సాఫీగా నిలబడుతుందని వాళ్ల ప్లాను. మాసూమా ఒక్కతే పట్టుకుంటానంది. గాలి వచ్చి దుప్పటిని లాగింది. ఆమె వదల్లేదు. దుప్పటి ఆమెను చుట్టేసింది. పిండిమర భుజం మీదికి, నీలం తలుపు నడుం మీదికి వచ్చి పడ్డాయి. గడ్డం కింద ముడి జారిపోతుంటే ఒక చేత్తో స్కార్ఫ్, ఇంకో చేత్తో తన ఇంటిని పట్టుకుని మాసూమా విరగబడి నవ్వుతోంది.

"నొక్కు," అంది ఇందిరాదేవి. "నొక్కు బిడ్డా, ఏం జూస్తున్నవ్, నొక్కు."

హబీబా నొక్కింది. నలభై రెండు ఫొటోలు. ముప్పై ఏడోదాన్ని ముగ్గురూ ఇసుకలోనే కూర్చుని మళ్లీ మళ్లీ చూశారు. నవ్వుతున్న ముఖం, దాని చుట్టూ ఎగిరే అక్షరాలు, వెనక నీలం నీళ్లు. ఇందిరాదేవి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "పక్షులను ఇడిసిపెట్టొచ్చు ఇగ" అంది.

హోదన్ దగ్గరికి వచ్చేసరికి వేరే చిక్కు వచ్చింది. మొగదిషు నుంచి పారిపోయినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. ఇల్లు గుర్తులేదు. గుర్తున్నదల్లా కెన్యాలోని శిబిరంలో గుడారం నంబరు.

"మాసూమా ఇంటికి నంబరు లేదు. నాకు నంబరు తప్ప ఇల్లు లేదు," అంది. "ఆ నంబరు మాత్రం రాయకు."

"మీ అమ్మను అడుగు."

"అమ్మ ఆ ఊరి మాట ఎత్తదు. ఇరవై మూడేళ్లుగా ఎత్తలేదు."

"దుప్పటి కోసమని అడుగు."

సోమవారం హోదన్ లాండ్రీకి పరుగెత్తుకుంటూ వచ్చింది. షిఫ్టు మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. దుప్పటి మీద రాయడానికి ఇంటి గుర్తు కావాలంటే తల్లి ముందు విసుక్కుందట. కాసేపటికి, సముద్రం చప్పుడు వినబడేది అందట. తర్వాత, మన గోడ పక్కనే బట్టలకు రంగులద్దే ముసలాయన ఉండేవాడు, కాలవలో ఒకరోజు ఎర్రనీళ్లు, ఒకరోజు పచ్చనీళ్లు పారేవి, నువ్వు ఆ నీళ్లలో కాళ్లు పెట్టి తన్నులు తిన్నావు అని చెప్పిందట. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదట. మధ్యాహ్నం కూర్చున్న మనిషి సాయంత్రం టీ దాకా చెప్పిందట. హోదన్ ఫోన్‌లో అంతా రికార్డు చేసుకుని వచ్చింది.

"నాకు ఇల్లు ఉంది హబీబా. కాలవ రంగు మారే ఇల్లు."

అది సోమాలీలో రాయాలి. సోమాలీకి ఇంగ్లీషు అక్షరాలే. హబీబాకు ఆ అక్షరాలు అందంగా రాయడం రాదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని నెల రోజులు చేతిని వంచింది. ఆ అక్షరాలు అలవాటు లేక మొదట్లో ప్రతి వాక్యం కిందికి వాలిపోయేది. హోదన్ ముఖం చూపించనంది. వీపు కెమెరాకు పెట్టి, రెండు చేతులూ చాచి, రంగు కాలవ రాసిన దుప్పటిని తలపై నుంచి జెండాలా ఎత్తి పట్టుకుంది. ఆ ఫొటోలో ఆమె ఎంత పొడగరిగా ఉందంటే, మాసూమా చూసి, "నువ్వు ఎప్పుడు పెరిగావు?" అని అడిగింది.

మాట పాకింది. మసీదులో ఆడవాళ్ల గదిలో హబీబాకు చీటీలు అందేవి. బాగ్దాద్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గడప ఒక్కటే రాయమంది, అంతకంటే లోపలికి వెళ్లలేనంది. మయన్మార్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి వారం వారం వచ్చి కూర్చుని, చివరికి ఏమీ రాయవద్దు, ఖాళీ దుప్పటే కావాలంది. దాన్ని మడతపెట్టి గుండెకు ఆనించుకుని ఫొటో దిగింది. ప్రతి ఫొటో కింద తెల్ల అంచులో ఆ మనిషే సొంత చేత్తో ఒక మాట రాసేది. వణికినా సరే, కొట్టేసి మళ్లీ రాసినా సరే, దాన్ని హబీబా దిద్దలేదు. ఆ ఏడాది చివరికి పది దుప్పట్లయ్యాయి.

పదకొండోది తనది. దాని ముందు ఆమె మూడు వారాలు ఊరికే కూర్చుంది.

మిగతావాళ్లు తరిమితే వచ్చినవాళ్లు. తను విమానంలో, కిటికీ పక్క సీట్లో, భర్త ఉద్యోగం కాగితాలతో వచ్చింది. నా దుప్పటి ఎందుకు అనుకుంది. ఆ మాటే లాండ్రీలో అంటే మాసూమా ఇస్త్రీ యంత్రం ఆపేసింది.

"మీ ఇల్లు ఉందా ఇప్పుడు?"

"లేదు. రోడ్డయింది."

"మరి రాయి."

ఏ లిపిలో రాయాలన్నది ఇంకో ప్రశ్న. వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్‌లో తెలుగువాళ్ల ఉగాదికి వెళితే సాయి ప్రియ అనే అమ్మాయి, "ఆంటీ, మీరు ముస్లిమ్స్ కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని మెచ్చుకోలుగానే అడిగింది. మసీదులో ఐమన్‌ను తెలుగులో పిలిస్తే పక్కావిడ, "ఇదేం భాష?" అంది. రెండు చోట్లా నవ్వి ఊరుకుంది. ఇరవై ఏళ్లుగా అలాగే నవ్వి ఊరుకుంటోంది.

ఆ శనివారం హబీబా ఉర్దూ కలంతో తెలుగు రాసింది. 'మొహి ఆర్ట్స్. బస్టాండు ఎదురు సందు. ముందు గదిలో ఆరుతున్న బోర్డులు, దాటుకుంటూ లోపలికి రావాలె. జనగామ.' తలకట్టు దగ్గర కలం తిప్పింది. పిట్ట ముక్కు వచ్చింది. లేచి, ఇంటి వెనకాల గడ్డి మీద మూడు చుట్లు తిరిగి వచ్చి, మళ్లీ చూసుకుంది. బాగానే ఉంది. ఆమె ఫొటో ఐమన్ తీసింది. ఎలుగు ఎటు నుంచి వస్తుందో చూడమని ఇందిరాదేవి చెబితే, "ఐ నో, ఆంటీ" అంటూనే ఐమన్ తల్లిని రెండడుగులు పక్కకు జరిపింది.

వెల్లింగ్టన్ పక్కన ఒక చిన్న గ్యాలరీ నడిపే ఫిలిప్పా అనే ఆమెకు హోదన్ ఫొటోలు పంపింది. ఫిలిప్పా వెంటనే రమ్మంది. 2015 ఫిబ్రవరిలో హబీబా, హోదన్ దుప్పట్లు చుట్టలు చుట్టుకుని రైల్లో తీసుకెళ్లారు. ఫిలిప్పా ఒక్కొక్కటీ విప్పించి, నేల మీద మోకాళ్లపై కూర్చుని చూసింది. మంచి మనిషి, నిజంగానే ముచ్చట పడింది. చూడటమయ్యాక మూడింటిని పక్కకు జరిపింది. హోదన్‌ది, ఖాళీది, తెలుగుది.

"ఎనిమిది చాలు," అంది. "ఇస్లామిక్ కాలిగ్రఫీ అని పోస్టరు వేస్తున్నాం. ఈ మూడూ చూసేవాళ్లను తికమక పెడతాయి. ఇవి కూడా బాగున్నాయి, కానీ..."

హోదన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. హబీబా ఇంగ్లీషు మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడింది.

"మేము పదకొండుమందిమి. ఒకే బట్ట, ఒకే రంగు. ఈ మూడు తీస్తే మిగతా ఎనిమిదీ చూసి, మేమందరం ఒకటే అని జనం అనుకుంటారు. అలా అనుకుంటారనే ఇది మొదలుపెట్టాను."

అందుకే మొదలుపెట్టిందని అంతవరకు ఆమెకే తెలియదు. అంటున్నప్పుడు తెలిసింది. ఫిలిప్పా ఆలోచించుకోమంది. హబీబా దుప్పట్లు చుట్టలు చుట్టింది.

ఇంట్లో ఇలియాస్ తెలుగులోకి దిగాడు. "ఎనిమిదన్న పెడ్తమంటున్నరు గదా. మొదలు గవి పెట్టనియ్యి. తర్వాత మిగిలినయి అడగొచ్చు."

"హోదన్ వాళ్లమ్మ ఇరవై మూడేండ్లకు నోరు తెరిచింది. గామెకు ఏం చెప్పాలె? నీ ఇల్లు తికమకగ ఉందని చెప్పాల్నా?"

ఇలియాస్ టీ పెట్టి తెచ్చి, "అయితే ఎక్కడ పెడ్దం?" అన్నాడు.

జవాబు మర్నాడు మాసూమా చెప్పింది. "దుప్పట్లు కదా," అంది. "తీగ మీద ఆరెయ్యి."

హబీబా వాళ్లుండే చోట వరసగా ఆరు ఫ్లాట్లు. ఆరింటికీ కలిపి వెనక ఒకే గడ్డి మైదానం. అందులో బట్టలారేసుకునే పొడుగాటి తీగలు. ఇరుగుపొరుగు ఐదిళ్లూ ఒక ఆదివారం బట్టలు ఉతకమని మాటిచ్చాయి. ఇలియాస్ గ్యారేజీ ఖాళీ చేసి లోపల ఫొటోలు తగిలించాడు. ఐమన్ ఫేస్‌బుక్‌లో పెట్టింది. మార్చి రెండో ఆదివారం, పదకొండు గంటలు. హబీబా ముప్పై మంది వస్తారనుకుని సమోసాలు చేసింది.

పదిన్నరకే వీధిలో కార్లు ఆపే చోటు లేదు. లాండ్రీ వాళ్లు కుటుంబాలతో వచ్చారు. మసీదు నుంచి వచ్చారు. ఆస్పత్రి నర్సులు వచ్చి, మేము పరిచే దుప్పట్లు ఇవేనా అని కొసలు పట్టి చూశారు. హోదన్ తల్లి కుర్చీలో కూర్చుని, తన కాలవ కింద నిలబడి అడిగిన ప్రతి ఒక్కరికీ సోమాలీలో అంతా మొదటి నుంచీ చెప్పింది. హోదన్ ఇంగ్లీషులోకి మార్చలేక చేతులెత్తేసింది. అయినా వాళ్లు కదల్లేదు. గాలి లేచినప్పుడల్లా పదకొండు ఇళ్లూ ఒక్కసారిగా నిండుగా ఉబ్బి, మళ్లీ వాలేవి. ఖాళీ దుప్పటి దగ్గర జనం కాస్త ఎక్కువసేపు ఆగారు. మయన్మార్ అమ్మాయి దూరంగా నిలబడి వాళ్లను చూస్తోంది. ఎవరికీ తను ఎవరో చెప్పలేదు. ఇందిరాదేవి కొట్టు కిషన్‌రావుకు వదిలేసి వచ్చి, ఇక్కడ టీ గిన్నె ముందు నిలబడింది. మూడుసార్లు పాలు తెప్పించింది.

జాన్సన్‌విల్ తెలుగువాళ్లు రెండు వ్యాన్లలో దిగారు. సాయి ప్రియ కూడా వచ్చింది. తెలుగు దుప్పటి ముందు ఒక ముప్పై ఏళ్ల మనిషి నిలబడి, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. చదవడం పూర్తయినా కదల్లేదు. చివరికి హబీబా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నా పేరు రవిచంద్ర. మాది జనగామనే. ఈ తలకట్టు..." చెయ్యెత్తి గాలిలో గీసి చూపించాడు. "ఈ ముక్కు. మా తాత బట్టల దుకాణం బోర్డు మీద గిట్లనే ఉంటది. నేను బడికి పోకముందే ఆ బోర్డు జూసి 'వస్త్రాలయం' అని చదివిన. నేను మొదలు చదివిన మాట గదే."

"రైల్వే గేటు దగ్గరి దుకాణమా? ఆకుపచ్చ మీద పసుపు?"

"గదే. మీ నాయన రాసిండా?"

ఆ బోర్డు హబీబాకు బాగా గుర్తు. పదిహేడో ఏడు. 'స్త్రా' దగ్గర రెండు పూటలు పట్టింది.

"నేను రాసిన," అంది.

రవిచంద్ర ఆమెను, దుప్పటిని, మళ్లీ ఆమెను చూశాడు. వెనక్కి తిరిగి, ఆ గోలలోనూ వినబడేలా తన వాళ్లను పిలిచాడు. "అరే, ఇటు రండి. నాకు అక్షరాలు నేర్పిన టీచర్ ఈమె." సాయి ప్రియ ముందుగా వచ్చింది. "ఆంటీ, నా పేరు రాసిస్తారా? తెలుగులో," అంది. హబీబా వంటింట్లోంచి కాగితాలు తెచ్చుకుంది. తర్వాత గంటన్నర కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఐమన్ ఆమె నోటికి సమోసా అందించింది. రెండు రోజులకు రవిచంద్ర ఫోన్‌కు జనగామ నుంచి ఫొటో వచ్చింది. రంగు వెలిసిన బోర్డు, మూలన చిన్నగా 'మొహి' అని సంతకం. దాని కింద, తండ్రికి తెలియకుండా హబీబా పెట్టిన చుక్క. ఆ చుక్క సంగతి హబీబా ఇలియాస్‌కు కూడా ఆ రోజే చెప్పింది.

ఫిలిప్పా మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. మెల్లగా పదకొండూ చూసింది. గ్యారేజీలో ఫొటోలు చూసింది. హోదన్ తల్లి ముందు గడ్డి మీద కూర్చుని ఒక్క ముక్క అర్థం కాని కథ మొత్తం విన్నది. వెళ్లేముందు హబీబాతో, "పోస్టరు మారుస్తాను. అందులో ఏం రాయాలో మీరే చెప్పండి," అంది. ఆగస్టులో గ్యాలరీలో పదకొండూ వేలాడాయి. పోస్టరు మీద పదిమంది పేర్లు తప్ప మరేమీ లేదు. పదకొండో పేరు ఉండాల్సిన చోట మయన్మార్ అమ్మాయి కోరినట్టు ఖాళీ వదిలారు.

అన్నీ కుదిరాయని చెప్పలేం. మాసూమా చెల్లెలి దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. రెండోసారి పంపారు. జవాబు రావడానికి ఇంకా టైమ్ పడుతుందన్నారు. బాగ్దాద్ పెద్దావిడ ప్రదర్శన చూడకుండానే పోయింది. ప్రదర్శన ముగిశాక ఆమె దుప్పటిని కొడుకు అడిగి తీసుకెళ్లాడు. హబీబా లాండ్రీ మానలేదు. వారానికి నాలుగు రోజులకు తగ్గించుకుంది. శనివారాలు లైబ్రరీలో కలం పట్టడం నేర్పుతోంది. మొదటి బెంచీలో ఇలియాస్ కూర్చుంటాడు. అతని అక్షరం మాత్రం ఇప్పటికీ ఒరిగిపోతుంది.

2017లో ఆక్లండ్ పక్కన హాబ్సన్‌విల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. తన అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్లట. ఫిజీలో పుట్టి, అక్కడి గొడవల్లో ఇల్లూ చెరకు తోటా వదిలేసి వచ్చిన ముస్లిం కుటుంబమట. ముసలావిడ ఫొటోలు చూసి, ఆ అమ్మాయిని పిలిపించమని పట్టుబట్టిందట. నలభై ఐదేళ్ల హబీబా, 'ఆ అమ్మాయి' అన్న మాట ఇందిరాదేవికి రెండుసార్లు చెప్పి రెండుసార్లూ నవ్వింది.

ఎనిమిది గంటల దారి. ఇలియాస్ డ్రైవ్ చేశాడు. వెనక సీట్లో ఇందిరాదేవి కెమెరా ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఎలుగు ఎట్లుందో చెబుతూనే ఉంది. వాళ్లు చేరేసరికి ముసలావిడ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, వరండాలో కుర్చీ ఎండలోకి జరిపించుకుని కూర్చుని ఉంది. హబీబా నేల మీద దుప్పటి పరిచి, రంగు కలిపి, చెక్క కలం చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడ నుంచి మొదలుపెడదాం, అమ్మా?" అని ఉర్దూలో అడిగింది.

ముసలావిడ తన ఫిజీ హిందీలో, ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. "ముందు నదిని రాయి. ఇల్లు తర్వాత చెబుతాను."